ఇంగ్లిష్‌లో ‘ఫేమ్’ను సరిగ్గా వాడటం ఎలా?

‘ఫేమ్’ అనే మాట తెలియని తెలుగువాళ్లు దాదాపు ఉండరు. ‘ఫేమస్’ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఎప్పుడో మన మాటల్లో కలిసిపోయింది. ఇంత తెలిసిన మాట కాబట్టే దీనితో చిక్కొస్తుంది. తెలియని పదం కనిపిస్తే డిక్షనరీ తీస్తాం. తెలుసన్న ధీమా ఉన్న పదానికి తీయం. తెలుగులో వాడినట్టే ఇంగ్లిష్‌లోనూ వాడేస్తాం. రెజ్యూమెలోనో ఇంటర్వ్యూలోనో ఆ వాక్యం తేడా కొడుతుంది, ఎక్కడ తేడా కొట్టిందో మాత్రం అంతుపట్టదు.

కింద చెప్పినవి వరసగా చదవండి. ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టొద్దు. పక్కన ఒక కాగితం, పెన్ను ఉంచుకుంటే ఇంకా మంచిది.

ముందు పలకడం నేర్చుకోండి

ఇది ఒకే ఊపులో పలికే మాట. ఎఫ్, ఎ, ఎమ్, ఇ అని నాలుగక్షరాలున్నా చివరి ‘ఇ’ పలకదు. హల్లుతో ముగిసే మాట చివర ‘ఉ’ చేర్చడం మనకు అలవాటు కాబట్టి ‘ఫేము’ అని వచ్చేస్తుంటుంది. ‘మ్’ దగ్గర పెదవులు మూశాక మళ్లీ తెరవకుండా అక్కడే ఆపండి, ఆ ‘ఉ’ దానంతటదే పోతుంది. మొదటి ధ్వనికి పై పళ్లను కింది పెదవికి తాకించి గాలి వదలాలి. మధ్యలో వచ్చే ‘ఏ’ కూడా ఒకచోట నిలవదు, చివర్లో కొంచెం ‘ఇ’ వైపు జారుతుంది.

‘ఫేమస్’లోనూ ఇదే ‘ఏ’. అసలు చిక్కు దాని ముందు ‘ఇన్’ చేరినప్పుడు వస్తుంది. చాలామంది ‘ఇన్‌ఫేమస్’ అంటారు. స్పెల్లింగ్ చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ దాన్ని ‘ఇన్ఫమస్’ అనాలి. ఊనిక మొదటి ‘ఇన్’ మీద పడుతుంది, ‘ఫ’ పొట్టిగా వచ్చి వెళ్లిపోతుంది. ‘ఇన్ఫమీ’ కూడా అంతే. పరువు తీయడం అనే అర్థంలో వచ్చే ‘డిఫేమ్’లో ‘ఏ’ వినిపిస్తుంది, దాని నామవాచకం ‘డెఫమేషన్’లో మళ్లీ పొట్టిదైపోతుంది. ఈ నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి పైకి చదవండి. ఒకసారి నోరు తిరిగితే ఇక మరిచిపోరు.

అసలు అర్థం పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి వాడుకకూ మూలం ఇదే.

లాటిన్‌లో ‘ఫామా’ అంటే జనం చెప్పుకునే మాట. కబురు, పుకారు, ఒకరి గురించి నలుగురూ అనుకునేది, అన్నీ అందులోకే వస్తాయి. ‘మాట్లాడు’ అనే అర్థమున్న ‘ఫారి’ అనే క్రియకు ఇది చుట్టం. మాటలు రాని పసిబిడ్డను ఇంగ్లిష్‌లో ‘ఇన్‌ఫంట్’ అంటారు కదా, ఆ మాటా ఆ క్రియ నుంచే పుట్టింది. నీతికథను ‘ఫేబుల్’ అనడమూ అంతే. రోమన్లు ఈ ఫామాను ఒక దేవతగా ఊహించుకున్నారు. ఒంటినిండా ఈకలు, ఒక్కో ఈకకు ఒక కన్ను, ఒక నాలుక, ఒక చెవి. అన్నీ చూస్తుంది, అన్నీ వింటుంది, ఊరూరా తిరిగి చెప్తుంది. నిజమూ చెప్తుంది, అబద్ధమూ చెప్తుంది. పాత ఫ్రెంచి మీదుగా ఆ మాట సుమారు 800 ఏళ్ల క్రితం ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట్లో ఇంగ్లిష్‌వాళ్లు కూడా దాన్ని పుకారు అనే అర్థంలో వాడారు.

ఇప్పుడు ఆ పుకారు అర్థం పోయింది, జాడ మాత్రం మిగిలింది. ఫేమ్ అంటే మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లకు కూడా మీ పేరు తెలిసి ఉండటం, వాళ్లు మీ గురించి మాట్లాడుకోవడం. ఎంతమందికి తెలుసు, ఎంత దూరం తెలుసు అన్నదే ఈ మాట కొలిచే కొలత. సాధారణంగా ఏదో సాధించినవాళ్ల గురించే దీన్ని వాడతారన్నది నిజమే. అయినా ఆ మనిషి ఎంత మంచివాడు, పనిలో ఎంత గట్టివాడు అన్న తీర్పు దీనిలో లేదు. మన ‘కీర్తి’, ‘యశస్సు’ అలా కావు. మంచి అన్నది వాటి లోపలే ఉంటుంది. అందుకే చెడ్డదానికి ‘అపకీర్తి’ అని వేరే మాట పెట్టుకున్నాం. ‘ఫేమ్’ను ‘కీర్తి’ అని బట్టీపట్టినవాళ్లకు ఈ తేడా ఎక్కడో ఒకచోట అడ్డం తగులుతుంది.

ఐన్‌స్టీన్ జీవితం చూస్తే ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1905లో ఆయన స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. ఆ ఒక్క ఏడాదిలోనే భౌతికశాస్త్రాన్ని మలుపు తిప్పిన వ్యాసాలు ప్రచురించారు. తర్వాత యూనివర్సిటీల్లో పదవులు వచ్చాయి. 1914లో బెర్లిన్ చేరారు. 1915లో సాధారణ సాపేక్షతా సిద్ధాంతం పూర్తి చేశారు. ఈ కాలమంతా ఆయనకు ఉన్నది ‘రెప్యుటేషన్’. తోటి శాస్త్రవేత్తలకు ఆయనెవరో తెలుసు, గౌరవమూ ఉంది. ట్రామ్‌లో పక్క సీట్లో కూర్చున్న మనిషికి మాత్రం తెలియదు.

1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా ఉన్న ప్రిన్సిపె దీవికి వెళ్లి, మరో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కు వెళ్లి, సూర్యుడి పక్కన కనిపించే నక్షత్రాల ఫొటోలు తీశారు. ఆ నక్షత్రాల వెలుగు ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినట్టే వంగిందని నవంబర్ 6న లండన్‌లో ప్రకటించారు. మర్నాటి నుంచి పత్రికల నిండా అదే వార్త. చూస్తుండగానే ఆయన పేరు దేశదేశాల్లో మామూలు జనం నోళ్లలో పడింది. అదీ ‘ఫేమ్’. మనిషి మారలేదు, నాలుగేళ్ల కిందటి సిద్ధాంతమూ మారలేదు. తెలిసినవాళ్ల సంఖ్య మారింది.

దీన్ని ఇంగ్లిష్‌లో ఇలా చెప్పొచ్చు: ‘హి ఆల్రెడీ హ్యాడ్ ఎ హై రెప్యుటేషన్ అమంగ్ ఫిజిసిస్ట్స్, బట్ ఫేమ్ కేమ్ ఇన్ 1919.’ భౌతిక శాస్త్రవేత్తల్లో అప్పటికే ఆయనకు గొప్ప పేరుంది, లోకమంతా తెలిసిన పేరు 1919లో వచ్చింది అని. తెలుగులో రెండుచోట్లా ‘పేరు’ అనే అన్నాను, గమనించారా? మన ఇబ్బంది అంతా అక్కడే ఉంది. తర్వాతి మెట్టు అదే.

‘పేరు’ అనుకున్నప్పుడు, ఏ పేరో తేల్చుకోండి

మనం ముందు తెలుగులో అనుకుని తర్వాత ఇంగ్లిష్‌లో చెప్తాం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ‘పేరు’ అనే ఒక్క మాటలో మనకు చాలా ఇమిడిపోతాయి, ఇంగ్లిష్‌లో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. కాబట్టి నోరు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను చెప్పేది ఎంతమందికి తెలుసన్నదా, తెలిసినవాళ్లు ఏమనుకుంటున్నారన్నదా? మొదటిదైతే ‘ఫేమ్’. రెండోదైతే ‘రెప్యుటేషన్’.

‘ఆ డాక్టర్‌కు మంచి పేరుంది’ అంటే వెళ్లినవాళ్లు మెచ్చుకుంటున్నారని. అక్కడ ‘గుడ్ ఫేమ్’ అనకూడదు. ‘ద డాక్టర్ హ్యాజ్ ఎ గుడ్ రెప్యుటేషన్’ అనాలి. ‘మా పేరు పాడు చేశాడు’ అన్నప్పుడు కూడా పాడైంది రెప్యుటేషనే. ‘కష్టపడి పేరు తెచ్చుకుంది’ అనడానికి ఇంగ్లిష్‌లో చక్కటి పలుకుబడి ఉంది, ‘షి మేడ్ ఎ నేమ్ ఫర్ హర్‌సెల్ఫ్’ అని. ఇది ఒక రంగంలో గుర్తింపు వచ్చినా సరిపోతుంది, లోకమంతా తెలియనక్కర్లేదు. ఉద్యోగ విషయాల్లో మనకు కావలసింది చాలాసార్లు ఇదే. ‘ఫేమ్’ అక్కడ కాస్త ఎక్కువైపోతుంది.

‘పాపులారిటీ’ అంటే జనానికి నచ్చడం. తరగతిలో నలభైమందికి ఇష్టమైన టీచర్ ‘పాపులర్’. ఆవిడ ‘ఫేమస్’ అనాలంటే ఆ బడి గడప దాటి కూడా పేరు తెలియాలి. ‘రినౌన్’ అంటే ప్రతిభ వల్ల వచ్చిన పేరు. మన ‘ఖ్యాతి’కి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే, మంచి అర్థంలోనే వాడతారు. దీనితో ఒక జాగ్రత్త ఉంది. ‘ప్రపంచ ప్రఖ్యాత శాస్త్రవేత్త’ అనడానికి ‘వరల్డ్ రినౌన్ సైంటిస్ట్’ అని రాసేస్తుంటారు. ‘రినౌన్’ నామవాచకం. మనిషి పేరు ముందు విశేషణం కావాలి కాబట్టి చివర ‘ఈడీ’ చేర్చి ‘వరల్డ్ రినౌన్డ్’ అని రాయాలి. ఆహ్వానపత్రికల మీదా బ్యానర్ల మీదా ఈ పొరపాటు అచ్చయిపోతుంటే బాధగా ఉంటుంది, సవరించడానికి రెండక్షరాలు చాలు.

‘సెలబ్రిటీ’ అని మనిషిని అనొచ్చు. ‘ఫేమ్’ అని మనిషిని అనలేం. ‘హి ఈజ్ ఎ ఫేమ్’ అన్న వాక్యం ఇంగ్లిష్‌లో లేదు. ఇక ‘లైమ్‌లైట్’ సంగతి. కరెంటు దీపాలు రాకముందు, 19వ శతాబ్దపు నాటకశాలల్లో సున్నపు దిమ్మెను విపరీతంగా వేడిచేసి, దాని వెలుగును వేదిక మీద నటుడి మీదికి తిప్పేవారు. ఆ వెలుగులో ఉన్న మనిషి మీదే అందరి కళ్లూ. అందుకే ‘ఇన్ ద లైమ్‌లైట్’ అంటే ప్రస్తుతం అందరి దృష్టిలో ఉండటం. వెలుగు పక్కకు తిరిగితే అది పోతుంది. ఫేమ్ అలా వెంటనే పోనక్కర్లేదు.

ముందు ‘ఎ’, వెనక ‘ఎస్’ తీసేయండి

‘ఫేమ్’ లెక్కపెట్టలేని నామవాచకం. ‘ఎ ఫేమ్’ అనం, ‘ఫేమ్స్’ అనం, ‘మెనీ ఫేమ్’ అసలే అనం. ‘షి అచీవ్డ్ ఫేమ్’ అంటే చాలు. ఎంత అని చెప్పాలనుకుంటే ‘ఎ లాట్ ఆఫ్ ఫేమ్’, ‘సమ్ ఫేమ్’, ‘లిటిల్ ఫేమ్’ అనొచ్చు. మామూలుగా ‘ద’ కూడా అక్కర్లేదు. ఫలానావారి ఫేమ్ అని ప్రత్యేకించి చెప్పేటప్పుడు మాత్రం వస్తుంది: ‘ద ఫేమ్ ఆఫ్ ద స్కూల్ స్ప్రెడ్ అక్రాస్ ద కంట్రీ.’ పెద్ద రచయితల వాక్యాల్లో అప్పుడప్పుడు ‘ఎ ఫేమ్ దట్...’ అని కనిపిస్తే కంగారుపడకండి. వెనక వివరణ తగిలించినప్పుడు అలా రాస్తారు. నేర్చుకుంటున్నప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలు.

క్రియను వేగం చూసి ఎంచుకోండి

మన నోటికి వెంటనే వచ్చేది ‘గాట్ ఫేమ్’. అర్థమవుతుంది, కానీ పేలవంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఫేమ్ ఎలా వచ్చిందో క్రియే చెప్పేస్తుంది, ఆ అవకాశం వదులుకోవద్దు.

మెల్లగా, మెట్టు మీద మెట్టుగా ఎదిగితే ‘రోజ్ టు ఫేమ్’. రాత్రికి రాత్రి వస్తే ‘షాట్ టు ఫేమ్’. ఐన్‌స్టీన్ విషయంలో 1919కి ఈ రెండోదే నప్పుతుంది. చాలాకాలం రకరకాల పనులు చేసి చివరికి ఒకదానిలో కలిసొస్తే ‘ఫౌండ్ ఫేమ్’: ‘షి ఫౌండ్ ఫేమ్ యాజ్ ఎ సింగర్ ఇన్ హర్ ఫిఫ్టీస్.’ యాభై దాటాక గాయనిగా పేరొచ్చింది అని. కృషి కనిపించాలంటే ‘అచీవ్డ్’ లేదా ‘వన్’. మనిషి కాకుండా ఒక పనో వస్తువో తెచ్చిపెడితే ‘బ్రాట్’: ‘పెనిసిలిన్ బ్రాట్ ఫ్లెమింగ్ వరల్డ్‌వైడ్ ఫేమ్.’

ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెనిసిలిన్‌ను గుర్తించారు. దాన్ని శుద్ధి చేసి రోగులకు ఇవ్వగల మందుగా మార్చింది హోవార్డ్ ఫ్లోరీ, అర్న్‌స్ట్ చెయిన్, వాళ్ల బృందం. 1945 నోబెల్ ముగ్గురికీ కలిపే ఇచ్చారు. అయినా పెనిసిలిన్ అనగానే లోకానికి గుర్తొచ్చేది ఫ్లెమింగ్ ఒక్కరే. ఫ్లోరీకి రెప్యుటేషన్‌లో ఏ లోటూ లేదు, ఫేమ్ మాత్రం ఫ్లెమింగ్ వాటాకే వెళ్లింది. ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో మీకు మళ్లీ అనుమానం వస్తే ఈ ముగ్గుర్ని తలచుకోండి.

విశేషణాలు కూడా ఇక్కడే చూసుకుందాం. అప్పటికప్పుడు వచ్చింది ‘ఇన్‌స్టంట్ ఫేమ్’ లేదా ‘ఓవర్‌నైట్ ఫేమ్’. నిలిచేది ‘లాస్టింగ్ ఫేమ్’, నిలవనిది ‘షార్ట్-లివ్డ్ ఫేమ్’. చనిపోయాక వచ్చింది ‘పాస్చుమస్ ఫేమ్’. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను 1866లో అచ్చువేశారు. 1884లో కన్నుమూశారు. ఆ వ్యాసం విలువను లోకం 1900లో గాని గుర్తించలేదు. ఈరోజు జన్యుశాస్త్రం పాఠం ఆయన పేరుతోనే మొదలవుతుంది. ‘మెండెల్స్ ఫేమ్ ఈజ్ ఎంటైర్లీ పాస్చుమస్’ అంటే ఆయన బతికుండగా ఆ పేరు చూసుకోలేదని. స్పెల్లింగ్‌లో మధ్య ‘హెచ్’ కనిపిస్తుంది గాని పలకదు.

‘ఫేమస్’ తర్వాత ఏం పెట్టాలి?

‘ఫర్’ పెడితే కారణం, ‘యాజ్’ పెడితే హోదా. ఇంతే సూత్రం. ‘షి ఈజ్ ఫేమస్ ఫర్ హర్ నావెల్స్’, ‘షి ఈజ్ ఫేమస్ యాజ్ ఎ నావలిస్ట్’. మొదటిదానిలో నవలల వల్ల, రెండోదానిలో నవలా రచయిత్రిగా. ‘ఫేమస్ యాజ్ హర్ నావెల్స్’ అంటే అర్థమే మారిపోతుంది. ‘వంటల్లో ఫేమస్’ అని తెలుగులో అంటాం కదా అని ‘ఫేమస్ ఇన్ కుకింగ్’ అనొద్దు, ‘ఫేమస్ ఫర్ హర్ కుకింగ్’ అనాలి. ‘ఇన్’ తర్వాత ఊరు, దేశం వస్తాయి: ‘ఫేమస్ ఇన్ జపాన్’. ‘ఫేమ్డ్’ అనే రూపమూ ఉంది, ‘ఫేమ్డ్ ఫర్ ఇట్స్ గార్డెన్స్’ అని, స్థలాల గురించి రాసేటప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది.

మన అలవాటు ఇంకొకటి సరిచేసుకోవాలి. ‘ఫేమస్’ అన్న మాటను మనం చాలా ఉదారంగా పంచేస్తాం. వీధి చివర షాపు ఫేమస్, ఆఫీసులో ఒకాయన ఫేమస్. ఇంగ్లిష్‌లో అంత చిన్న పరిధికి ‘వెల్-నోన్’ సరిపోతుంది: ‘వెల్-నోన్ లోకల్లీ’, ‘వెల్-నోన్ ఇన్ ద డిపార్ట్‌మెంట్’. ‘ఫేమస్’ను నిజంగా పెద్ద పేర్లకు దాచి ఉంచితే మీ మాటకు విలువ పెరుగుతుంది. ఎవరినైనా పరిచయం చేస్తూ ‘వెరీ వెరీ ఫేమస్’ అనడం కన్నా, వాళ్లు చేసిన పని ఒక్కటి చెప్పడం వెయ్యి రెట్లు నయం.

‘ఫలానా సినిమా ఫేమ్’ను తిరగేసి రాయండి

తెలుగు సినిమా వార్తల్లో ‘ఫలానా సినిమా ఫేమ్ ఫలానా నటి’ అని రోజూ చదువుతాం. తెలుగులో అది స్థిరపడిపోయిన వాడుక, అక్కడ దానికి ఏ దోషమూ లేదు. ఇంగ్లిష్‌లో అదే వరస పెడితే మాత్రం కుదరదు. అక్కడ ముందు మనిషి పేరు, తర్వాత ‘ఆఫ్’, తర్వాత పేరు తెచ్చినది, చివర ‘ఫేమ్’ రావాలి: ‘మైకేల్ కాలిన్స్, ఆఫ్ అపోలో 11 ఫేమ్’. ఈ ఉదాహరణ కావాలనే తీసుకున్నాను. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద నడుస్తుంటే కాలిన్స్ పైన కక్ష్యలో ఒక్కరే తిరుగుతూ ఉన్నారు. ఆయన పేరు ఒక్కటే చెప్తే అందరూ గుర్తుపట్టకపోవచ్చు, అపోలో 11 అంటే గుర్తుపడతారు. ఈ వాడుక పుట్టిందే అలాంటి చోట్ల కోసం. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఇది తగిలిస్తే అనవసరం అనిపిస్తుంది.

‘క్లెయిమ్ టు ఫేమ్’ అంటే పేరు చెప్పుకోవడానికి ఉన్న కారణం. చాలాసార్లు ‘ఓన్లీ’తో కలిసి వస్తుంది: ‘ద టౌన్స్ ఓన్లీ క్లెయిమ్ టు ఫేమ్ ఈజ్ ఇట్స్ ఓల్డ్ బ్రిడ్జ్.’ ఆ పాత వంతెన తప్ప ఆ ఊరి గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదని. కాబట్టి గౌరవించాల్సిన మనిషిని పరిచయం చేసేటప్పుడు దీన్ని వాడకండి, చిన్నబుచ్చినట్టు ఉంటుంది.

‘ఫిఫ్టీన్ మినిట్స్ ఆఫ్ ఫేమ్’ అంటే కాసేపటి పేరు. దీన్ని అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ మాటగా చెప్తారు. భవిష్యత్తులో ప్రతి ఒక్కరికీ పదిహేను నిమిషాల ఫేమ్ వస్తుందన్న ఆ మాట 1968లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఆయన ప్రదర్శన కేటలాగులో అచ్చయింది. వీడియో వైరలై వారంలో మరుగున పడినవాళ్ల గురించి ఇప్పుడు దీన్ని తెగ వాడుతున్నారు: ‘హి హ్యాడ్ హిజ్ ఫిఫ్టీన్ మినిట్స్ ఆఫ్ ఫేమ్.’

‘హాల్ ఆఫ్ ఫేమ్’ ఒక రంగంలో మహామహుల జాబితా. అందులో చేర్చడానికి ‘ఇండక్ట్’ అనే క్రియ వాడతారు, తర్వాత ‘ఇంటు’ వస్తుంది: ‘టెండూల్కర్ వాజ్ ఇండక్టెడ్ ఇంటు ది ఐసీసీ క్రికెట్ హాల్ ఆఫ్ ఫేమ్ ఇన్ 2019.’ ‘గాట్ హాల్ ఆఫ్ ఫేమ్’ అనొద్దు, అది చేతికిచ్చే కప్పు కాదు. హాలీవుడ్‌లో కాలిబాట మీద నక్షత్రాలు పొదిగిన ‘వాక్ ఆఫ్ ఫేమ్’ విషయంలో ‘గాట్ ఎ స్టార్ ఆన్ ద వాక్ ఆఫ్ ఫేమ్’ అంటారు.

చెడ్డపేరు దగ్గర తొందరపడకండి

ఇక్కడ జరిగే పొరపాటు మనిషిని నొప్పిస్తుంది కాబట్టి దీన్ని శ్రద్ధగా చదవండి. ‘ఇన్ఫమస్’ ముందున్న ‘ఇన్’ చూసి, ‘ఫేమస్ కానివాడు’ అనుకునేవాళ్లు ఉన్నారు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’ ఎలాగో ఇదీ అలాగే అని. కాదు. ‘ఇన్ఫమస్’ అంటే చెడ్డపనితో పేరుకెక్కినవాడు. ఎదుగుతున్న రచయితను వేదిక మీద ‘యాన్ ఇన్ఫమస్ రైటర్’ అన్నారంటే ఆయన పరువు తీసినట్టే. ఇంకా పేరు రాలేదని చెప్పాలంటే ‘లెసర్-నోన్’, ‘లిటిల్-నోన్’ అనాలి.

1920లో బోస్టన్‌లో చార్ల్స్ పోంజీ, 45 రోజుల్లో యాభై శాతం లాభం ఇస్తానని జనం దగ్గర డబ్బు దండుకున్నాడు. కొత్తవాళ్లు కట్టిన డబ్బే పాతవాళ్లకు పంచాడు. ఆ ఏడాదే బండారం బయటపడింది. ఇప్పటికీ అలాంటి మోసాన్ని ‘పోంజీ స్కీమ్’ అనే అంటారు. వందేళ్లు దాటినా లోకమంతా తెలిసిన పేరే, కానీ ‘ఇన్ఫమస్’. ‘ఇన్ఫమీ’ ఎంత బరువైన మాటో తెలియాలంటే అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941 డిసెంబర్ 8న చేసిన ప్రసంగం చూడాలి. ముందురోజు అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. ఆ తేదీ ప్రపంచ చరిత్రలో నిలిచిపోతుందని ముందు ప్రతిలో రాయించి, ‘ప్రపంచ చరిత్ర’ కొట్టేసి ‘ఇన్ఫమీ’ అని తన చేత్తో మార్చారు. ఆ దిద్దుబాటు ఉన్న కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది.

‘నోటోరియస్’ దీనికి దగ్గరిది, కాస్త తేలిక. నేరాలకే కాకుండా చెడ్డ అలవాట్లకూ వాడొచ్చు: ‘హి ఈజ్ నోటోరియస్ ఫర్ కమింగ్ లేట్.’ మన ‘పేరుమోసిన’ రెండువైపులా నడుస్తుంది. పేరుమోసిన డాక్టర్ అంటాం, పేరుమోసిన దొంగ అంటాం. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు డాక్టర్‌కు ‘రినౌన్డ్’, దొంగకు ‘నోటోరియస్’ అని విడదీయాలి. ‘బ్యాడ్ ఫేమ్’ అని మాత్రం రాయకండి. ‘ఇల్ ఫేమ్’ కూడా వద్దు. పాత ఇంగ్లిష్‌లో ‘హౌస్ ఆఫ్ ఇల్ ఫేమ్’ అంటే వ్యభిచార గృహం.

‘ఫేమస్‌లీ’ ఇంకో రకం

వాక్యం మధ్యలో ‘ఫేమస్‌లీ’ వస్తే ‘అందరికీ తెలిసిందే’ అని అర్థం. ‘గ్రిగోరీ పెరెల్మన్ ఫేమస్‌లీ రిఫ్యూజ్డ్ ద ఫీల్డ్స్ మెడల్ ఇన్ 2006.’ ఆ రష్యన్ గణిత శాస్త్రవేత్త పతకం వద్దన్న సంగతి లోకప్రసిద్ధం అని చెప్పడం. ‘దే గాట్ ఆన్ ఫేమస్‌లీ’ అన్నప్పుడు మాత్రం పేరుతో సంబంధమే లేదు, ఇద్దరికీ బాగా కుదిరిందని అర్థం.

ఒక వాక్యాన్ని బాగుచేద్దాం

ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే వాక్యం ఇది: ‘ఐ వాంట్ టు గెట్ ఎ గుడ్ ఫేమ్ ఇన్ మై ఫీల్డ్.’ ముందు ‘ఎ’ తీసేద్దాం. ‘గుడ్’ కూడా ఫేమ్‌తో కుదరదు, తీసేద్దాం. ఇప్పుడు ‘ఐ వాంట్ టు గెట్ ఫేమ్ ఇన్ మై ఫీల్డ్’ మిగిలింది. వ్యాకరణం బాగుపడింది, అర్థం ఇంకా బాగుపడలేదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఇది ‘నాకు జనంలో పేరు కావాలి’ అన్నట్టు వినిపిస్తుంది. మీ మనసులో ఉన్నది అది కాదు. పనిలో గుర్తింపు కావాలి, తోటివాళ్ల మెప్పు కావాలి. అంటే మీకు కావలసింది ‘రెప్యుటేషన్’: ‘ఐ వాంట్ టు బిల్డ్ ఎ రెప్యుటేషన్ ఇన్ మై ఫీల్డ్.’ ఏ విషయంలో అన్నది కూడా చేరిస్తే ఇంకా నిండుగా ఉంటుంది: ‘ఎ రెప్యుటేషన్ ఫర్ కేర్‌ఫుల్ వర్క్.’

ఇప్పుడు కాగితం తీయండి. ఈ మూడు వాక్యాలను ఇంగ్లిష్‌లో రాయండి, జవాబులు తర్వాత చూడండి. ఒకటి: ఒక్క పాటతో ఆమె రాత్రికి రాత్రి ఫేమస్ అయింది. రెండు: ఆ కంపెనీకి నాణ్యత విషయంలో మంచి పేరుంది. మూడు: అతను ఆ ఊళ్లో పేరుమోసిన మోసగాడు.

మొదటిదానికి ‘షి షాట్ టు ఫేమ్ విత్ ఎ సింగిల్ సాంగ్.’ ‘బికేమ్ ఫేమస్ ఓవర్‌నైట్’ అని రాసినా సరైనదే. రెండోదానికి ‘ద కంపెనీ హ్యాజ్ ఎ గుడ్ రెప్యుటేషన్ ఫర్ క్వాలిటీ.’ ఇక్కడ ‘ఫేమ్’ రాసినవాళ్లు ‘పేరు’ గురించి చెప్పిన భాగం ఇంకోసారి చదవండి. మూడోదానికి ‘హి ఈజ్ ఎ నోటోరియస్ చీట్ ఇన్ దట్ టౌన్.’ ‘ఇన్ఫమస్’ రాసినా తప్పు లేదు, పైకి చదివేటప్పుడు మాత్రం ‘ఫ’ను పొట్టిగానే పలకండి.